జంషెడ్‌పూర్‌లో బయటివాడు ఎవరు?

2024 సెప్టెంబర్ 15న జంషెడ్‌పూర్‌లో జరిగిన బహిరంగ సభలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, బంగ్లాదేశీ, రోహింగ్యా చొరబాట్లు సంతాల్ పరగణాకూ కొల్హాన్‌కూ పెనుముప్పుగా పరిణమించాయని హెచ్చరించారు. ఆ నినాదం ఆశించిన ఓట్లను రాల్చలేదు. మాట మాత్రం నిలిచిపోయింది. చొరబాటుదారు అన్న మాట ఎక్కడ పలికినా బరువైనదే. జంషెడ్‌పూర్‌లో పలికితే దానికి ఒక చారిత్రక వైచిత్రి తోడవుతుంది. ఆదివాసీలనూ పాత గ్రామాల మూలవాసులనూ మినహాయిస్తే, ఆ నగరంలో తక్కినవారంతా ఏదో ఒక తరంలో రైలు దిగి వచ్చినవారే.

సాక్చి అనే పల్లె వద్ద 1908లో ఉక్కు కర్మాగార నిర్మాణం ఆరంభమైంది. 1911 జనగణన నాటికి అక్కడి జనాభా ఆరు వేలకు లోపు. పదేళ్లకు యాభై ఏడు వేలు దాటింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టేనాటికే పంజాబీలు, బెంగాలీలు, బిహారీలు, ఒడియాలు, ఛత్తీస్‌గఢీలతో పాటు తెలుగువారూ అక్కడ స్థిరపడుతున్నారు. గంజాం, విశాఖ జిల్లాల పేదలకు బెంగాల్-నాగపూర్ రైల్వే ఒక దారి చూపింది. ఖరగ్‌పూర్‌లో దిగినవారు రైల్వే కూలీలయ్యారు. ఇంకా ముందుకు సాగినవారు కొలిమి దగ్గర నిలబడ్డారు. కదమాలో ఆంధ్ర సంఘం, బిష్టుపూర్‌లో రామమందిరం వెలిశాయి. వారిని ఆనాడు ఎవరూ పౌరసత్వ పత్రం అడగలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి బిహార్-ఒరిస్సా రాష్ట్రానికి వెళ్లడం ఒకే ప్రభుత్వం కింద ఒక ఊరు విడిచి మరో ఊరు చేరడమే.

అవే జిల్లాల నుంచి అదే కాలంలో మరో ప్రవాహం సముద్రం మీదుగా రంగూన్‌కు సాగింది. ఉత్తరాంధ్రలో ‘రంగం వెళ్లడం’ అంటే బతుకుతెరువుకు పోవడమే. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగం. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, వారి స్థానంలో పెట్టుకున్న బర్మీయుల తొలగింపు ఘోరమైన అల్లర్లకు దారితీశాయి. వంద మందికి పైగా మరణించారు. 1937 ఏప్రిల్ 1న బర్మా వేరైంది. కూలీ ఎక్కడివాడక్కడే ఉన్నాడు, సరిహద్దే వచ్చి అతన్ని విదేశీయుణ్ణి చేసింది. 1941లో భారత, బర్మా ప్రభుత్వాలు వలసల నియంత్రణకు ఒప్పందం చేసుకున్నాయి. అది అమలయ్యేలోపే జపాన్ దాడి లక్షల మందిని కాలినడకన తరిమింది. 1964 తరువాత నే విన్ జాతీయీకరణ మిగిలినవారిలో లక్షల మందిని ఓడలెక్కించింది. విశాఖలోని బర్మా క్యాంపు ఆ చరిత్రకు నేటి చిరునామా.

ఒకే ఊరి నుంచి బయలుదేరిన ఇద్దరు అన్నదమ్ములలో ఒకడు టాటానగర్ బండి ఎక్కి పౌరుడిగా మిగిలాడు, మరొకడు రంగూన్ ఓడ ఎక్కి విదేశీయుడయ్యాడు. తేడా వారి నడతలో లేదు, తరువాత గీసిన గీతలో ఉంది.

జంషెడ్‌పూర్ తెలుగువారికి గీతలు తప్పాయని కాదు. 2002లో బాబూలాల్ మరాండీ ప్రభుత్వం 1932 నాటి ఖతియాన్‌ను, అంటే భూమి సర్వే దస్తావేజును, స్థానికతకు ప్రాతిపదికగా తెచ్చింది. రాష్ట్రం అట్టుడికింది; ఆ ఏడాదే హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2016లో రఘుబర్ దాస్ ప్రభుత్వం 1985ను గీటురాయి చేసింది. 2022 నవంబర్ 11న హేమంత్ సోరెన్ ప్రభుత్వం మళ్లీ 1932తో బిల్లు ఆమోదింపజేసింది. అప్పుడు అభ్యంతరం చెప్పినవారిలో కొల్హాన్ ఆదివాసీ నాయకుడు, మాజీ ముఖ్యమంత్రి మధు కోడా కూడా ఉన్నారు. కొల్హాన్‌లో సర్వే స్థిరపడింది 1960లలో. 1932 పత్రం అడిగితే అక్కడి మూలవాసులే బయటివారవుతారని ఆయన వాదన. పత్రం అనేది ఎంత అంధమైన కొలబద్దో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

అయితే ఖతియాన్ కోరికను కేవలం సంకుచితమని తోసిపుచ్చడం అన్యాయం. గనులకూ కర్మాగారాలకూ నేల ఇచ్చి, ఉద్యోగాల్లో వెనుకబడిన ఆదివాసీ ఆక్రోశం నిజమైనది. దానికి సమాధానం భూమి, ఉద్యోగం రూపంలో రావాలి. ఆ రెండూ ఇవ్వలేని రాజకీయం పరాయివాణ్ణి చూపి సరిపెడుతుంది. అదే నగరంలో 86 బస్తీల ప్రజలు దశాబ్దాలుగా ఓటేస్తున్నా, వారి నేల మీద యాజమాన్య హక్కు ఇంకా ఎన్నికల హామీగానే ఉంది.

ఇప్పటి తనిఖీ ఇంకా కఠినమైనది. 1946 విదేశీయుల చట్టం ప్రకారం తాను విదేశీయుణ్ణి కానని నిరూపించుకునే భారం అనుమానితుడిదే. 2025 సెప్టెంబర్ 1న అమలులోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టం ఆ పాత చట్టాన్ని రద్దు చేసినా ఆ భారాన్ని మార్చలేదు. 2025 జూలైలో పొరుగు రాష్ట్రమైన ఒడిశాలోని ఝార్సుగూడలో నాలుగు వందల మందికి పైగా బెంగాలీ మాట్లాడే కార్మికులను పత్రాల పరిశీలన పేరిట నిర్బంధించారు. పశ్చిమ బెంగాల్‌వారని తేలినవారిని తరువాత వదిలిపెట్టారు. వారిని అనుమానితులను చేసింది భాష.

ఈ నిఘా కింద వలస కూలీ బతుకు నేర్పు ఏమిటి? ఆధార్‌తో పాటు ఓటరు కార్డు, స్వగ్రామ పంచాయతీ ఇచ్చిన కాగితం జేబులో ఉంచుకోవడం. సొంత జిల్లావారున్న గల్లీలోనే అద్దెకు దిగడం. ఇంటి యజమాని పేరు ఠాణాకు పంపేలోగా మేస్త్రీ చేత ఒక మాట చెప్పించుకోవడం. బస్సులో ఫోన్ మోగితే తన భాషలో గొంతు తగ్గించడం. ఇవన్నీ చట్టంలో ఎక్కడా లేని నియమాలు. వాటిని పాటించలేనివాడే ముందుగా పట్టుబడతాడు. అతను విదేశీయుడు కానక్కరలేదు, పేదవాడైతే చాలు.

సరిహద్దును కాపాడుకునే హక్కు రాజ్యానికి ఉంది. దాన్ని ఎవరూ కాదనరు. కానీ దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరుడికిచ్చింది, పత్రాల సంచికి కాదు. నిర్బంధించేముందు లిఖితపూర్వక కారణం చూపడం, స్వరాష్ట్రం నుంచి సమాధానం వచ్చేదాకా ఎవరినీ సరిహద్దు దాటించకపోవడం, మేజిస్ట్రేటు ముందు విచారణ జరపడం ప్రభుత్వాలకు అసాధ్యమైన పనులేమీ కావు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రతి కూలీకీ ఫొటోతో కూడిన పాస్‌బుక్ ఇవ్వమని కాంట్రాక్టర్లను ఆదేశించింది. కూలీని కాపాడవలసిన ఆ ఒక్క కాగితం మీద నాలుగున్నర దశాబ్దాలుగా లేని పట్టుదల, అతన్ని వెళ్లగొట్టే కాగితాల మీద ఎందుకు పుట్టుకొచ్చిందో పాలకులు చెప్పాలి. రంగూన్ నుంచి నడిచి వచ్చినవారి మనుమలు ఆ ప్రశ్న అడగడానికి అందరికంటే ముందుండాలి.