గీతల మధ్య దూరం: వివర్తన గ్రేటింగ్ చరిత్రలో దోషం పాత్ర

1. ఉపోద్ఘాతం

కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసే సాధనాల్లో వివర్తన గ్రేటింగ్ ముఖ్యమైనది. సమాన దూరంలో ఉన్న అనేక గీతల నుంచి వెలువడే తరంగాలు ఒక్కొక్క తరంగదైర్ఘ్యానికి ఒక్కొక్క దిశలో పరస్పరం బలపడతాయి. ఈ సాధన చరిత్రను సాధారణంగా గీతల సంఖ్య పెరిగిన క్రమంగా వివరిస్తారు. గీతల మధ్య దూరంలో దొర్లే దోషంతో సాగిన పెనుగులాటగా దానిని చదవడం మరింత సమంజసమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

2. వెంట్రుకల నుంచి మరమేకు దాకా

పట్టు చేతిరుమాలు గుండా వీధిదీపాన్ని చూసిన ఫ్రాన్సిస్ హాప్కిన్సన్‌కు నల్లని గీతలు కనిపించాయి. రుమాలును కదిపినా అవి కదలలేదు. కారణమేమిటని ఆయన అడగగా, ఫిలడెల్ఫియాకు చెందిన డేవిడ్ రిట్టెన్‌హౌస్ 1785లో సన్నని మరచుట్లలో సుమారు 50 వెంట్రుకలను సమాంతరంగా అమర్చి పరిశీలించాడు. వెంట్రుకల మధ్య దూరాన్ని నిర్ణయించినది మరచుట్టే. 1821 నాటికి జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సన్నని తీగలతో గ్రేటింగులు నిర్మించి తరంగదైర్ఘ్యాలను కొలిచాడు.

1882లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెన్రీ రోలాండ్ పుటాకార గ్రేటింగ్‌ను ప్రకటించాడు. అది కటకం అవసరం లేకుండానే కాంతిని విడదీసి కేంద్రీకరిస్తుంది. చీలిక, గ్రేటింగ్, వర్ణపటం మూడూ ఒకే వృత్తంపై ఉంటాయి. దానినే రోలాండ్ వృత్తం అంటారు. గీతలు గీసే ఆయన యంత్రానికి ప్రాణం మరమేకు. మరమేకులో ఆవర్తన దోషముంటే వర్ణపటంలో లేని రేఖలు పుట్టుకొస్తాయి. శాస్త్రజ్ఞులు వాటిని ‘దయ్యాలు’ అన్నారు.

3. సిలికాన్‌పై అదే వృత్తం

నేటి సిలికాన్ చిప్‌పై కూడా రోలాండ్ వృత్తమే గీస్తున్నారు. తరచుగా 220 నానోమీటర్ల మందం గల సిలికాన్ పొరలో కాంతి వ్యాపించి, చెక్కిన పళ్లపై పరావర్తనం చెంది, తరంగదైర్ఘ్యాన్ని బట్టి వేర్వేరు వేవ్‌గైడ్లలోకి చేరుతుంది. 1988లో మైంట్ స్మిట్ ప్రతిపాదించిన మరో మార్గంలో గీతల స్థానాన్ని, క్రమంగా పొడవు పెరిగే వేవ్‌గైడ్ల వరుస తీసుకున్నది.

1550 నానోమీటర్ల వద్ద సిలికాన్ వక్రీభవన గుణకం సుమారు 3.48, సిలికాది 1.44. ఈ అంతరం వల్ల కాంతి గట్టిగా బంధింపబడి సాధనం చాలా చిన్నదవుతుంది. అదే అంతరం వల్ల పొర మందంలో ఒక నానోమీటరు తేడా వచ్చినా తరంగాల దశ తప్పుతుంది. ఫలితంగా ఒక మార్గపు కాంతి పక్క మార్గంలోకి చొరబడుతుంది. పైగా నునుపైన పన్ను తనపై పడిన కాంతిలో ఐదో వంతు కూడా తిప్పి పంపదు. అందుకే పళ్ల వెనుక బ్రాగ్ పరావర్తకాలను చేరుస్తారు.

4. ముగింపు

మరమేకు స్థానంలోకి లిథోగ్రఫీ వచ్చింది. దోషం పోలేదు, స్వభావం మార్చుకున్నది. మరమేకు దోషం క్రమబద్ధం కనుక దయ్యాలు నిర్ణీత స్థానాల్లో కనిపించేవి. సిలికాన్‌లోని దశాదోషం అధికంగా యాదృచ్ఛికం కనుక వర్ణపటమంతటా మసకగా పరచుకుంటుంది. కనబడే దోషాన్ని వెతికి సరిదిద్దవచ్చు. పరచుకున్న దోషాన్ని మాత్రం ముందే అంచనా వేసి, వేవ్‌గైడ్లను వెడల్పు చేయడం, ఉష్ణంతో సవరించడం వంటి ఉపాయాలను రూపకల్పనలోనే చేర్చాలి. సాధనం ఎంత సూక్ష్మమైనా, గీతల మధ్య దూరమనే పాత ప్రశ్నే నేటికీ దాని సామర్థ్యానికి హద్దు గీస్తున్నది.