ప్లాంటు అప్పగించే రోజు

ముంబై రహదారి మీద హైదరాబాదు దాటుతుండగా వచ్చే రామచంద్రాపురంలో 1960లలో చెకోస్లొవేకియా సాయంతో భెల్ కర్మాగారం లేచింది. అంతకుముందు మన ఇంజనీర్లు ఎక్కువగా చేసింది ఆనకట్టలు, కాలువలు, రోడ్ల పని. టర్బైన్ల ఫ్యాక్టరీ కట్టడం వేరే విద్య. విదేశం నుంచి యంత్రం ఎప్పుడు వస్తుంది, అప్పటికి దాని పునాది సిద్ధమా, కరెంటు లైను పడిందా అని అన్నీ ఒకే కాగితం మీద చూసుకునే మనిషి కావాలి. అలా అన్ని పనుల్నీ కలిపి ప్రణాళిక వేసే విద్య ప్రపంచానికీ అప్పటికి కొత్తదే. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1957 ప్రాంతంలో క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందిస్తే, మరుసటి ఏడాదే ఆ దేశపు నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ పద్ధతిని తెచ్చింది.

ప్రభుత్వ రంగంలో ఈ పని ఇద్దరి మధ్య పంచి ఉండేది. గడువు, ఖర్చు, అనుమతులు, కాంట్రాక్టర్లతో ఒప్పందాలు ప్రాజెక్టు మేనేజరు చూసేవాడు. డ్రాయింగు పట్టుకుని సైటులో తిరిగే ప్రాజెక్టు ఇంజనీరు పైపు సరైన చోట పడిందా, వెల్డింగు నిలిచిందా, హైడ్రో టెస్టులో లీకు ఉందా అని తేల్చేవాడు. పని త్వరగా కావాలనేవారు ఒకరు, సరిగా కావాలనేవారు మరొకరు. వాళ్లిద్దరి మధ్య వాదులాట జరగడమే ప్లాంటుకు మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ వాదులాట మందుల కంపెనీలు వచ్చాక సన్నబడింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, వేరే దారిలో అదే మందు చేయగల కెమిస్టులకు తలుపులు తెరుచుకున్నాయి. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్‌లో పని నేర్చినవారు సొంత పరిశ్రమలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి వారిలో ఒకరు. వెనుకబడిన మెదక్ జిల్లాలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు నిండసాగాయి. మందుల ముడిసరుకు చేసే చిన్న బల్క్ డ్రగ్ యూనిట్లో యజమానే ప్రాజెక్టు మేనేజరు, ఆయన నమ్మిన ఒక్క ఇంజనీరే సైటంతా. ఉత్పత్తి మొదలుకాకముందే బ్యాంకు వడ్డీ పెరుగుతుంటుంది. అలాంటప్పుడు తర్వాత చూద్దాంలే అనిపించుకునేది రాబడి తేని భాగమే.

వ్యర్థజలాల శుద్ధి అలాగే వెనక్కి పోయింది. ఆ ప్రాంతపు ఇస్కవాగు, నక్కవాగు పాడయ్యాయి. ఆ నీళ్లు చేరేది మంజీర నదికే. పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు వంటివారు ఏళ్ల తరబడి పోరాడారు, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. పరిశ్రమలు వచ్చి ఏళ్లు గడిచాక, 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం నడక మొదలెట్టింది. దాని నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. మొదటి డ్రాయింగులో లేని దాన్ని తర్వాత అతికిస్తే ఎంత చాలదో ఆ అంకె చెబుతుంది.

అమెరికాకు ఎగుమతులు పెరిగాక ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలు వచ్చాయి. ప్రతి రియాక్టరుకూ డిజైను, ఇన్‌స్టలేషన్, ఆపరేషన్ క్వాలిఫికేషన్ పత్రాలు తప్పనిసరయ్యాయి. ప్రాజెక్టు ఇంజనీరు మాటకు మళ్లీ బరువొచ్చింది. అయితే ఆ పత్రాలు కాపాడేది మందు నాణ్యతను. మందు చేసే కార్మికుడి ప్రాణానికి అంత శ్రద్ధ దక్కలేదు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం చేర్చినా పరిస్థితి అంతగా మారలేదు.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. పొట్టకూటికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవారు వారిలో ఎందరో. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడి. ఆ ఒక్క ఘటన సంగతి అలా ఉంచితే, సన్నని సేంద్రియ పొడి ఏదైనా గాలిలో దట్టంగా కలిస్తే చిన్న నిప్పురవ్వకే పేలగలదు. ధూళిని లాగేసే ఏర్పాటు, పేలుడు ఒత్తిడిని బయటికి వదిలే వెంట్లు, ఆఫీసు గదులకూ ఉత్పత్తి విభాగానికీ మధ్య దూరం మొదటి లేఅవుట్‌లోనే నిర్ణయం కావాలి. ఆ గీత గీయించడం ఇంజనీరు పని. బడ్జెట్ తగ్గించేటప్పుడు దాన్ని చెరిపేయకుండా నిలబడటం మేనేజరు పని.

ఈ వాడల్లో కొత్తగా చేరుతున్న ప్రాజెక్టు ఇంజనీర్లకు ఒక మనవి. అప్పగింత కాగితం మీద సంతకం పెట్టేముందు డ్రాయింగు చేతబట్టుకుని ప్లాంటంతా ఒకసారి నడవండి. గీతకూ గొట్టానికీ తేడా కనిపిస్తే, ఆ రోజుకు సంతకం ఆపండి.