తయారీ ఒకరిది, పెత్తనం మరొకరిది

శాస్త్ర సలహాకు రుసుము తీసుకోవడం అమెరికాలో పాత వ్యాపారమే. ఆర్థర్ డి. లిటిల్ అనే రసాయన శాస్త్రవేత్త 1886లోనే భాగస్వామితో కలిసి బోస్టన్‌లో అలాంటి సంస్థ పెట్టాడు. అయితే అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం వేరు, పదిమంది చేసే పరిశోధనను నడిపించడం వేరు. ఈ రెండో పని పెద్ద ఎత్తున బయటివాళ్ళ చేతికి వెళ్ళింది 1954లో, అట్లాస్ ఖండాంతర క్షిపణి విషయంలో.

అప్పటిదాకా వైమానిక దళం ఏ ఆయుధం కావాలన్నా ఒక విమాన కంపెనీకి మొత్తం కాంట్రాక్టు అప్పజెప్పేది. అట్లాస్‌కు ఆ పద్ధతి సరిపోలేదు. ఇంజను, దారి చూపే ఎలక్ట్రానిక్స్, వాతావరణంలోకి తిరిగొచ్చేటప్పుడు పుట్టే వేడి, అణ్వాయుధం బరువు: వీటిలో ఒక్కటి మారినా మిగతా లెక్కలన్నీ మళ్ళీ వేసుకోవాల్సిందే. బరువు తగ్గించడానికి దాని ఇంధన ట్యాంకులను చాలాచోట్ల మిల్లీమీటరు మందం కూడా లేని స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో చేశారు. లోపల పీడనం లేకపోతే అవి వాటంతట అవే కుప్పకూలేవి. రెక్కల విమానాలు కట్టి చెయ్యి తిరిగినవాళ్ళకు ఇదంతా కొత్త.

జాన్ వాన్ నాయ్‌మన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1954 ఫిబ్రవరిలో నివేదిక ఇస్తూ, ఈ పనికి కొత్త తరహా యాజమాన్యం అవసరమని చెప్పింది. ఆ సంఘంలో సభ్యులైన సైమన్ రామో, డీన్ వూల్‌డ్రిడ్జ్ అంతకు కొద్ది నెలల ముందే హ్యూస్ కంపెనీ వదిలి, ఒకప్పటి మంగలి షాపులో సొంత ఆఫీసు తెరిచారు. నివేదికకు కావలసిన పరిశీలన అంతా వాళ్ళ సంస్థే చేసింది. చివరికి సాంకేతిక పెత్తనమూ వాళ్ళకే దక్కింది. సలహా చెప్పినవాళ్ళే పని దక్కించుకోవడం మీద అనుమానాలు రావడంలో వింత లేదు.

వైమానిక దళం తరఫున పథకం నడిపిన బెర్నార్డ్ ష్రీవర్ లాస్ ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో, ఖాళీ అయిన చర్చి బడి భవనంలో మకాం పెట్టాడు. అధికారులు మామూలు బట్టల్లోనే వచ్చేవాళ్ళు. నెలకోసారి జరిగే సమీక్షకు ‘నల్ల శనివారం’ అని పేరు పడింది. ఎవరి దగ్గర ఏది చెడిందో ఆ రోజు దాచకుండా చెప్పాలి. రామో సంస్థ కంపెనీల లెక్కలు సరిచూసి, ఒకరి భాగం మరొకరి భాగంతో పొసిగేలా చూసేది. 1957 జూన్‌లో తొలి అట్లాస్ గాల్లోనే పేలిపోయింది. డిసెంబరులో పరీక్ష విజయవంతమైంది.

అట్లాస్ తయారుచేసే కాన్వెయిర్ కంపెనీకి మొదటినుంచీ ఒకటే ఫిర్యాదు: మా రహస్యాలన్నీ చూసినవాళ్ళు రేపు మాతోనే పోటీకి దిగితే? అందుకే తాను పర్యవేక్షించే క్షిపణులకు రామో సంస్థ సామగ్రి తయారు చేయకూడదని షరతు పెట్టారు. షరతున్నా అనుమానం పోలేదు. 1958లో ఆ సంస్థ, పెట్టుబడి పెట్టిన థాంప్సన్ ప్రొడక్ట్స్‌లో కలిసిపోయింది. దాని అనుబంధ ప్రయోగశాల అదే ఏడాది పయొనీర్ 1 అంతరిక్ష నౌకను నిర్మించింది. మరుసటి ఏడాదే కాంగ్రెస్ సంఘం ఒకటి, ఈ సలహా పనిని లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించమంది. 1960 జూన్‌లో ఏరోస్పేస్ కార్పొరేషన్ అలా పుట్టింది. దానికి తయారీ లేదు, పంచుకునే లాభాలూ లేవు.

షరతు బంధం తెగిన పాత సంస్థ టీఆర్‌డబ్ల్యూ అనే పేరుతో తయారీలో స్థిరపడింది. 1972లో గురుగ్రహానికి బయలుదేరిన పయొనీర్ 10 దాని చేతి పనే.