వాక్స్వాతంత్ర్యం, సామాజిక బాధ్యత: సింగపూరు అనుభవం

పలు జాతులు, పలు మతాలు ఒకే వీధిలో కాపురముండే సమాజంలో మాట్లాడే స్వేచ్ఛకు హద్దు ఎక్కడ ఉండాలనే ప్రశ్న కేవలం సూత్రచర్చతో తేలేది కాదు. ఆ ప్రశ్నకు మూల్యం చెల్లించి సమాధానం వెదుక్కొన్న దేశాలలో సింగపూరు ఒకటి. అక్కడి జనాభాలో సుమారు ముప్పాతిక భాగం చీనీయులు, తరువాత మలయ్ జాతీయులు, ఆపైన భారతీయులు. (మలయ్‌లనగా మన కేరళీయులు కారని విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉంటుంది.) ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ పాఠశాల వయసెంతో, ఇక్కడ చెప్పబోయే కథ వయసు కూడా ఇంచుమించు అంతే.

మరియా హెర్టోగ్ 1937లో జావా ద్వీపంలో ఒక డచ్చి కాథలిక్ కుటుంబంలో జన్మించింది. 1942లో జపాను సేనలు ఆ ద్వీపాన్ని ఆక్రమించినప్పుడు సైనికుడైన తండ్రి యుద్ధఖైదీ అయ్యాడు. అయిదేళ్ల పిల్ల అమీనా అనే ముస్లిం మహిళ సంరక్షణలోకి వెళ్లింది. పెంచుకొమ్మని ఇచ్చివేసిందని అమీనా పక్షం, కొద్దికాలం ఉంచుకొమ్మన్నానే తప్ప ఇవ్వలేదని కన్నతల్లి పక్షం. అమీనా ఆ బిడ్డకు నాద్రా అని పేరు పెట్టి, ఇస్లాం మతాచారాల ప్రకారం పెంచి, యుద్ధానంతరం మలయాలోని తెరెంగాను ప్రాంతానికి తీసుకొనిపోయింది. తల్లిదండ్రులు వెదికించగా 1949లో ఆచూకీ తెలిసింది. 1950లో వ్యాజ్యం సింగపూరు న్యాయస్థానానికి చేరింది. వ్యాజ్యం నడుస్తుండగానే ఆగస్టు 1న, పదమూడేళ్ల ఆ బాలికకు మన్సూర్ అదబీ అనే యువ ఉపాధ్యాయునితో వివాహం జరిగింది. డచ్చి చట్టం ప్రకారం ఆ వయసులో పెళ్లి చెల్లదని డిసెంబరు 2న న్యాయమూర్తి తీర్పు చెప్పి, బిడ్డను కన్నవారికి అప్పగించమన్నాడు.

న్యాయస్థానంలో ఇది ఒక కుటుంబ తగాదా. వీధిలో మాత్రం అది అలా మిగలలేదు. అప్పీలు విచారణ ముగిసే వరకు బాలికను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు వలస ప్రభుత్వాధికారులు వెదికిన జవాబు ఒక క్రైస్తవ కాన్వెంటు! ఎనిమిదేళ్లు ముస్లిం ఇంట పెరిగిన పిల్లను కన్యాస్త్రీల నడుమ ఉంచితే బయటివారు ఏమనుకొంటారన్న ఆలోచన బాధ్యత గల ఏ ఉద్యోగికీ తట్టకపోవడం ఆశ్చర్యకరం. విలేకరులు, ఛాయాచిత్రకారులు కాన్వెంటు లోపలికే వెళ్లారు. ఆమె మేరీమాత విగ్రహం ముందు మోకరిల్లిందని ఒక ఆంగ్ల దినపత్రిక పతాకశీర్షికలో చాటింది. ఆమె కంటతడి పెడుతుండగా కన్యాస్త్రీ ఓదార్చే చిత్రాలను మలయ్ పత్రికలు వేశాయి. అటువైపు కరీం ఘనీ అనే సంపాదకుడు తన పత్రికల ద్వారా, సభల ద్వారా దీనిని మతానికి జరిగిన పరాభవంగా చిత్రించి, నాద్రా పేరిట ఒక కార్యాచరణ సంఘాన్ని ఏర్పరచాడు. ఒకనాడు నేతాజీ ఆజాద్ హింద్ ప్రభుత్వంలో సలహాదారుగా ఉన్నవాడే ఈయన.

డిసెంబరు 11న అప్పీలు విచారణకు వచ్చింది. సుప్రీంకోర్టు ఎదుట చేరిన వేలాది జనం అదుపు తప్పారు. బస్సులలోంచి, కార్లలోంచి ఐరోపావారిని, మిశ్రమ సంతతివారిని ఈడ్చి కొట్టారు. 18 మంది మరణించారు. 173 మంది గాయపడ్డారు. నూరుకు పైగా వాహనాలు ధ్వంసమయ్యాయి. నగరంలో రెండు వారాల పాటు కర్ఫ్యూ అమలైంది. ఆ మరునాటి రాత్రే బాలికను తల్లితో కూడ విమానమెక్కించి హాలెండుకు పంపివేశారు.

అల్లరుల కారణాలను విచారించిన సంఘానికి అధ్యక్షుడు సర్ లయొనెల్ లీచ్. ఈయన పేరు మద్రాసు పాతతరం న్యాయవాదులకు సుపరిచితమే. 1937 నుండి 1947 వరకు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవాడు. కోస్తా, రాయలసీమ జిల్లాల వ్యాజ్యాలు ఆనాడు ఆ కోర్టుకే పోయేవి. 1951లో వెలువడిన లీచ్ నివేదిక పోలీసుల నిష్క్రియతను ఎత్తిచూపింది. బాలికను కాన్వెంటులో ఉంచడం, దానికి పత్రికలు ఇచ్చిన ప్రచారం అల్లరులకు ముఖ్య కారణాలని పేర్కొన్నది.

ఇక్కడ ఒక విషయం ఆలోచింపదగినది. ఆ పత్రికలు వేసిన ఛాయాచిత్రాలు అబద్ధాలు కావు. బాలిక కాన్వెంటులో ఉన్న మాట నిజం, ఏడ్చిన మాట నిజం. నిజమే అయినా దేనిని ఎన్నుకొని, ఎంత పెద్ద అక్షరాలతో, ఏ సమయంలో వేస్తున్నామన్నది సంపాదకుడు ఆలోచించుకోవలసిన సంగతి. కానీ నేరమంతా పత్రికల మీదికి నెట్టడం కూడా న్యాయం కాదు. చిత్రాలు వెలువడకపోతే అల్లరులు తప్పేవేమో గాని, బిడ్డను అక్కడ ఉంచిన తప్పు ఒప్పు అయ్యేది కాదు. అన్యాయం జరిగిందని చెప్పే నోటికీ, చంపండని రెచ్చగొట్టే నోటికీ భేదం పాటించని చట్టం పాలకులకే ఉపకరిస్తుంది. సింగపూరు తరువాతి చరిత్రలో ఈ రెండూ కలగలిసిపోవడం కనిపిస్తుంది.

1964 జూలై 21న, సింగపూరు మలేషియాలో భాగంగా ఉన్న రోజులలో, ప్రవక్త జన్మదినోత్సవ ఊరేగింపులో చీనీయులకు, మలయ్‌లకు ఘర్షణ చెలరేగింది. అందుకు ముందు వారాలలో రాజకీయ నాయకుల ప్రసంగాలు, ఒక మలయ్ పత్రిక రాతలు ఉద్రిక్తతను పెంచాయి. జూలైలో 23 మంది, సెప్టెంబరులో తిరిగి రేగిన అల్లరులలో 13 మంది మరణించారు. మరుసటి సంవత్సరం ఆగస్టు 9న సింగపూరు వేరు దేశమైంది. ఈ భయం కొత్త ప్రభుత్వాన్ని వీడలేదు. 1971లో ఒక చీనీ దినపత్రిక నిర్వాహకులు నలుగురిని జాతివైషమ్యం రేపుతున్నారని విచారణ లేకుండా నిర్బంధించారు. అదే నెలలో ఒక ఆంగ్ల పత్రిక అనుమతి రద్దయింది. 1974 చట్టంతో పత్రికా సంస్థల యాజమాన్యం మీదనే ప్రభుత్వానికి పట్టు చిక్కింది. అల్లరులు మళ్లీ ఆ స్థాయిలో జరగలేదు. పాలకులను విమర్శించే గొంతు కూడా సన్నగిల్లింది.

మన దేశంలో ఇదే కాలంలో ఇదే ప్రశ్న మద్రాసు నుంచే లేచింది. బొంబాయి నుండి వెలువడే 'క్రాస్ రోడ్స్' అనే వారపత్రిక రాకను మద్రాసు ప్రభుత్వం 1950లో నిషేధించగా, రమేశ్ థాపర్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. పార్లమెంటు 1951లో తొలి రాజ్యాంగ సవరణ ద్వారా శాంతిభద్రతలను కూడా ఆంక్షలకు కారణంగా చేర్చింది. అయితే ఆ ఆంక్షలు 'సహేతుకం'గా ఉండాలన్న మాట కూడా అప్పుడే చేరింది. ఆంక్ష సహేతుకమో కాదో తూచే త్రాసు దానితో న్యాయస్థానాల చేతికి వచ్చింది. సింగపూరు రాజ్యాంగం 14వ అధికరణంలో ఆ మాట లేదు. అవసరమని పార్లమెంటు భావించిన ఆంక్ష విధించవచ్చునని ఉన్నది. ఒక్క పదం తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, ప్రభుత్వాన్ని ప్రశ్నించదలచిన పౌరునికి అది పెద్దదే.

ఇటీవలి దశాబ్దాలలో సింగపూరు పద్ధతి కొంత మారింది. 1990లో చేసిన మతసామరస్య పరిరక్షణ చట్టం, వైషమ్యం రేపే ప్రచారకునికి ముందుగా నిరోధక ఉత్తరువు ఇచ్చే ఏర్పాటు చేసింది. 2000లో హాంగ్ లిమ్ ఉద్యానవనంలో ప్రసంగాల కోసం ఒక స్థలం కేటాయించారు, జాతి మతాలను రేకెత్తించే మాటలు తప్ప అనే నిబంధనతో. రాజద్రోహ చట్టం రద్దు 2022లో అమలుకు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో జాతిసామరస్యానికి విడిగా చట్టం చేశారు. దాని ప్రకారం ఇతర జాతిని గాయపరిచే మాట అన్నవారిని కోర్టుకు ఈడ్చడానికి బదులు, ఆ జాతి వారితో కలిసి మెలిసి వారిని అర్థం చేసుకొనే కార్యక్రమాలలో పాల్గొనే అవకాశం ఇవ్వవచ్చు. ఉపాధ్యాయులకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు.

1964 అల్లరుల తేదీ అయిన జూలై 21ని 1997 నుండి అక్కడి పాఠశాలలు జాతిసామరస్య దినంగా పాటిస్తున్నాయి. ఆనాడు పిల్లలు ఒకరి జాతి దుస్తులు మరొకరు ధరించి బడికి వస్తారు. నాటి సంఘటనలను గురించి తరగతిలో చెప్పుకొంటారు. నాద్రా మాత్రం తిరిగి సింగపూరులో నివసించలేదు. 2009లో హాలెండులో, డెబ్బై రెండేళ్ల వయసులో కన్నుమూసింది.