కరువు మండలంలో పసిపిల్లలు: ఎమ్మెల్యేను ఏం అడగాలి, ఏ ఆధారంతో అడగాలి

అనంతపురం వైపు వాన తప్పిన ఏడాది ఊళ్లల్లో జరిగేది ఇంచుమించు ఒకటే. శెనక్కాయ చేలోనే ఎండిపోతుంది, పనిచేసే వయసున్నోళ్లు బెంగళూరుకో కేరళకో బస్సెక్కుతారు. తల్లితో పోయిన పసిబిడ్డ ఇసుక కుప్పల పక్కన పెరుగుతాడు. ఊళ్లో మిగిలిన బిడ్డ నానీ దగ్గరో దాదీ దగ్గరో ఉంటాడు. ఆ ముసలామె కూడా కూలికి పోవాల్సి వస్తే బిడ్డను చూసేదెవరనేది ఇంటింటి ప్రశ్న. కరువు మీద అసెంబ్లీలో చర్చ వస్తే పంట నష్టం, ఇన్‌పుట్ సబ్సిడీ, తాగునీళ్లు, పశుగ్రాసం చుట్టూనే ఎక్కువగా తిరుగుతుంది. ఆరేళ్లలోపు పిల్లల మాట ఎవరైనా పనిగట్టుకుని ఎత్తితే తప్ప రాదు.

ముస్లిం కుటుంబాలకు ఇందులో ఇంకో చిక్కుంది. పంట నష్టం సాయం భూమి లెక్కన, పంట లెక్కన వస్తుంది. కదిరి, హిందూపురం, గుంతకల్లు, తాడిపత్రి లాంటి పట్టణాల్లో తోపుడు బండి మీద, కుట్టు మిషను మీద, మెకానిక్ షెడ్డు మీద, దినకూలి మీద బతికేవాళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు. చుట్టుపక్కల పల్లెల్లో డబ్బు ఆడకపోతే వీళ్ల సంపాదనా పడిపోతుంది, కానీ పాస్‌బుక్ లేదు కాబట్టి కరువు సాయం జాబితాలో పేరుండదు. పిల్లల భోజనం, పిల్లల సంరక్షణ మాత్రం పాస్‌బుక్ అడగని సాయం. భూమి లేని ఇంటికి నేరుగా చేరే కరువు సాయం ఇంతకంటే పెద్దగా లేదు. అందుకే దాన్ని గట్టిగా అడగాల్సిన అవసరం ఈ కుటుంబాలకే ఎక్కువ.

జిల్లా సంగతి క్లుప్తంగా. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేశారు. సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ పడాల్సిన వేళకు పడదు. 2022 ఏప్రిల్ 4న ఇది రెండుగా చీలి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. పాత జిల్లా మొత్తానికి 14 అసెంబ్లీ స్థానాలున్నాయి. అంటే ఈ కరువు గురించి సభలో మాట్లాడాల్సిన ఎమ్మెల్యేలు 14 మంది.

ఇక చట్టం సంగతి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ ద్వారా వయసుకు తగిన ఆహారం ఉచితంగా ఇవ్వాలి. ఇది హక్కు, ఎవరి దయా కాదు. అంతకు ముందే, 2001లో దేశంలో కరువు, ఆకలి మీద పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సేవలు పిల్లలందరికీ అందాలని చెప్పింది. అదే కేసులో 2006 డిసెంబర్ 13న ఇచ్చిన ఆదేశం చాలామందికి తెలియదు. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లె అయినా, మురికివాడ అయినా, జనం అడిగితే మూడు నెలల్లోగా కేంద్రం పెట్టాలి. కాబట్టి మొహల్లాలో పిల్లల లెక్క తీసి కాగితం మీద పెట్టుకోవడం ఉత్త కాలక్షేపం కాదు. ఆ లెక్కే అర్జీకి ప్రాణం.

కరువు మీదే నేరుగా వచ్చిన తీర్పు ఇంకొకటుంది. స్వరాజ్ అభియాన్ వేసిన కేసులో ఆంధ్రప్రదేశ్ కూడా ప్రతివాది. జస్టిస్ మదన్ బి. లోకూర్, జస్టిస్ ఎన్.వి. రమణల ధర్మాసనం 2016 మే 13న చెప్పిన దాని ప్రకారం, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టాలి. గుడ్డు లేదా పాలు లేదా మరో పోషకాహారం వీలైతే వారానికి ఐదు రోజులు, కనీసం మూడు రోజులు ఇవ్వాలి. రేషన్ కార్డు లేదనే కారణంతో ఏ కుటుంబానికీ తిండిగింజలు నిరాకరించకూడదు. కరువు ప్రకటించిన మండలంలో ఎండాకాలం బడి మూసి ఉంటే, అక్కడ వంట జరుగుతోందా లేదా అన్నది ఎమ్మెల్యేను సూటిగా అడగదగ్గ ప్రశ్న.

తిండి ఒక ఎత్తు, చూసుకునే మనిషి ఇంకో ఎత్తు. అసలు లోటు ఈ రెండోదాంట్లోనే ఉంది. అంగన్‌వాడీలో రోజూ కూర్చోబెట్టేది మూడేళ్లు నిండిన పిల్లల్ని. మూడేళ్లలోపు బిడ్డకు సరుకులు ఇంటికిస్తారు, బిడ్డను మాత్రం ఎవరూ ఉంచుకోరు. పైగా ఎండాకాలంలో ఉపాధి పని తెల్లారేసరికే మొదలవుతుంది. అంగన్‌వాడీ తలుపు తెరిచేది ఆ తర్వాత. ఆ మధ్య గంటల్లో చంటిబిడ్డ ఎక్కడుంటాడో ప్రభుత్వ రిజిస్టర్లలో ఏ గడిలోనూ కనపడదు.

ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే ఈ జిల్లాలో. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. 2005 నాటి ఆ చట్టం షెడ్యూల్లోనే ఒక మాట రాశారు. పనికి వచ్చిన ఆడవాళ్ల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలి. దీనికి పెద్ద భవనం అక్కర్లేదు, చెట్టునీడ, కడవెడు నీళ్లు, ఓపికున్న ఒక ఖాలా చాలు. అయినా పని జరిగే చోట ఇది నోటిమాటగానే మిగిలిపోయిన సందర్భాలే ఎక్కువ. పక్కనున్న కర్ణాటక 2023-24 బడ్జెట్‌లో ఉపాధి కూలీల పిల్లల కోసం 4,000 గ్రామ పంచాయతీల్లో ‘కూసిన మనె’ పేరుతో శిశు సంరక్షణ కేంద్రాలు ప్రకటించింది. సరిహద్దు అవతల సాధ్యమని అనుకున్నది హిందూపురం, మడకశిర వైపు ఎందుకు కాదు అని అడగడంలో తప్పేముంది?

ఇంకో దారి కేంద్రం పథకం ‘పాల్నా’. మిషన్ శక్తి కింద నడిచే దీంట్లో మామూలు అంగన్‌వాడీనే క్రెష్‌గా కూడా మార్చవచ్చు, ఆరు నెలల బిడ్డ దగ్గర్నుంచి పగలంతా ఉంచుకుంటారు. దేశం మొత్తానికి 17,000 అంగన్‌వాడీ క్రెష్‌లు లక్ష్యంగా పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ప్రతిపాదన మాత్రం రాష్ట్రమే పంపాలి. కరువు మండలాల నుంచి ఎన్ని ప్రతిపాదనలు పంపారు అనే ఒక్క ప్రశ్న సభలో పడితే, మంత్రి జవాబు రికార్డుకెక్కుతుంది.

బెంగళూరు పోయేవాళ్ల విషయంలో 2025 దాకా 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం ఉండేది. మామూలుగా 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే సైటులో పిల్లల గది పెట్టాలని అది చెప్పేది. చిన్న సైట్లు దాని కిందికి వచ్చేవి కావు, మనవాళ్లలో ఎక్కువమంది పనిచేసేది అలాంటి చోట్లే. పోషణ్ ట్రాకర్‌లో బిడ్డ పేరును ఊరి అంగన్‌వాడీ నుంచి వలసపోయిన చోటి అంగన్‌వాడీకి మార్చే వీలుంది. బయల్దేరే ముందే ఆ పని చేయించుకుంటే అక్కడ తిండి ఆగదు.

పిల్లల సంరక్షణ గురించి మాట్లాడేటప్పుడు 2023 చివరి నెలలు మర్చిపోకూడదు. ఆ ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 103 కరువు మండలాలు ప్రకటించింది, వాటిలో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలవి పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అదే కాలంలో, డిసెంబర్ 12న, రాష్ట్రమంతా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. వాళ్ల ముఖ్య డిమాండ్లు కనీస వేతనం, గ్రాట్యుటీ. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఒక గుజరాత్ కేసులో అప్పటికే చెప్పింది. ప్రభుత్వం కొన్నిచోట్ల తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందితో కేంద్రాలు తెరిపించింది, 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించింది. 42 రోజుల తర్వాత చర్చలతో సమ్మె ఆగింది. ఆ చర్చల్లో ప్రభుత్వం ఉంది, యూనియన్లు ఉన్నాయి, బిడ్డల్ని పంపే తల్లులు లేరు. కార్యకర్తకు సరైన జీతం లేకుండా కరువులో కేంద్రం సాఫీగా నడవదు కాబట్టి, తల్లుల అర్జీలో జీతం మాట కూడా ఉండటమే న్యాయం.

అర్జీ ఎక్కడివ్వాలన్నది పెద్ద రహస్యమేమీ కాదు, కానీ ఒక్కచోటే ఇచ్చి ఊరుకుంటే కదలదు. ఎమ్మెల్యేకు ఇచ్చేటప్పుడు ‘మా సమస్య చూడండి’ అనకుండా ‘ఈ ప్రశ్న సభలో వేయండి’ అని రాసిచ్చేది మేలు. నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. జీరో అవర్‌లో ప్రస్తావన తేలిక, కానీ బరువు తక్కువ. బడ్జెట్ సమావేశాల్లో మహిళా శిశు సంక్షేమ శాఖ పద్దు చర్చకు వచ్చే రోజు అన్నిటికంటే పనికొచ్చేది, ఎందుకంటే డబ్బు ఖరారయ్యేది అప్పుడే. ఎమ్మెల్యే పట్టించుకోకపోతే శాసనమండలి సభ్యుల్ని కలవొచ్చు, సభ పిటిషన్ల కమిటీకి రాయొచ్చు. జిల్లాలో అయితే ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అర్జీకి రసీదు నంబరు ఇస్తారు. ఆ నంబరు వేసిన కాపీని ఎమ్మెల్యేకిచ్చే కాగితానికి జతచేస్తే, ‘నా దృష్టికి రాలేదు’ అనే మాటకు చోటుండదు.

కాగితంలో ఉండాల్సింది కూడా కొంచెమే. మొహల్లా పేరు, ఆరేళ్లలోపు పిల్లలెంతమంది, అందులో మూడేళ్లలోపు ఎందరు, అంగన్‌వాడీ ఎంత దూరం, ఏ వేళకు తెరుస్తారు, ఎన్ని ఇళ్లల్లో తల్లిదండ్రులు వలసపోయారు, పిల్లలు ఎవరి దగ్గరున్నారు. జుమా తర్వాత మస్జిద్ దగ్గరో, డ్వాక్రా సంఘం మీటింగ్‌లోనో అరపూటలో ఈ లెక్క తేలుతుంది. పిల్లల పేర్లు, ఫోటోలు కాగితంలో పెట్టక్కర్లేదు, సంఖ్యలు చాలు. సంతకాలు ఆడవాళ్లవి ఎక్కువుంటే మంచిది, ఎందుకంటే పని మానుకునేది వాళ్లే. తెలుగు రాయడం రానివాళ్లు ఉర్దూలోనే రాసివ్వొచ్చు. 2022 మార్చిలో అసెంబ్లీ చేసిన సవరణ చట్టంతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది.