కొసరు లేని బేరం

ఇంగ్లండులో రెడింగ్ పక్కన ఉడ్లీ అని ఓ చిన్న ఊరు. 2011 చలికాలం ముంగిట అక్కడి ఒక కేకుల దుకాణంలో తెల్లవారుజామున 3 గంటలకే దీపాలు వెలిగేవి. 25 ఏళ్ళుగా నడుస్తున్న దుకాణం. పనివాళ్ళు ఎనిమిది మంది. మామూలుగా నెల మొత్తానికి ఓ వంద కప్‌కేకులు పోయేవి. కొత్తవాళ్ళకు పేరు తెలుస్తుందని యజమానురాలు గ్రూపాన్ అనే కంపెనీ ద్వారా ఆన్‌లైన్‌లో ఒక ఆఫర్ పెట్టింది. 26 పౌండ్ల డజను కేకులు ఆరున్నర పౌండ్లకే. ఎంతమందికి అన్న హద్దు పెట్టుకోలేదు. 8,500 మంది కొన్నారు. డజను చొప్పున 1,02,000 కేకులు.

ఇచ్చిన మాట తప్పలేదావిడ. ఏజెన్సీ నుంచి మరో 25 మందిని తెచ్చుకుంది. పాతికేళ్ళు నిలబెట్టుకున్న రుచి ఈ హడావుడిలో ఎక్కడ చెడుతుందోనని ఒక బెంగ. డజను పెట్టె గుమ్మం దాటిన ప్రతిసారీ రెండున్నర, మూడు పౌండ్లు చేతినుంచి పడుతున్నాయని ఇంకో బెంగ. అంతా అయ్యేసరికి 12,500 పౌండ్లు, అంటే ఆ ఏడాది లాభమంతా, ఊడ్చుకుపోయింది.

ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా మనసు ఆ 3 గంటల దీపాల దగ్గరే ఆగిపోతుంది. గిరాకీ లేక మూతపడ్డ కొట్లను చూశాం. గిరాకీ వరదలా వచ్చి కొట్టును ముంచడం ఇంటర్నెట్ తెచ్చిన కొత్త దుఃఖం. ఆ వరదను పంపినవాడు శత్రువు కాడు, చిన్న దుకాణాలకు మేలు చేద్దామని బయల్దేరినవాడే. అతని కథ కూడా చివరికి ఈ కేకుల కొట్టు కథలాగే ముగిసింది.

అతని పేరు ఆండ్రూ మేసన్, సంగీతం చదువుకున్న కుర్రాడు. అమెరికాలో చికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పట్టా పుచ్చుకున్నాడు. సెల్‌ఫోన్ కాంట్రాక్టు రద్దు చేసుకోబోతే కంపెనీ పెట్టిన తిప్పలు చూసి అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఒంటరి మనిషి మాట ఎవరూ వినరు, పదిమంది కలిస్తే వింటారు. 2007లో ఎరిక్ లెఫ్‌కోఫ్‌స్కీ అనే వ్యాపారి పెట్టిన 10 లక్షల డాలర్ల పెట్టుబడితో ద పాయింట్ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టాడు. ఏదైనా మంచిపనికి జనాన్ని కూడగట్టడం దాని ఉద్దేశం. ఇంతమంది చేరితేనే పని జరుగుతుంది, చేరకపోతే ఎవరి డబ్బూ పోదు. ఎంత చక్కటి ఊహ! చందాలు వేసుకుని చెరువు పూడిక తీసుకున్న ఊళ్ళ నుంచి వచ్చిన మనకు ఈ ఊహ కొత్తదేం కాదు. కానీ మంచిపనులకు కూడినవాళ్ళు ఆ సైట్‌ను బతికించలేకపోయారు. కలిసి కొనడానికి మాత్రం జనం ఇట్టే కూడతారని తేలింది.

2008 అక్టోబరులో మొదటి బేరం పెట్టారు. వాళ్ళ ఆఫీసున్న భవనం కింద మోటెల్ బార్ అని ఒకటుండేది. అక్కడ ఒక పిజ్జా ధరకు రెండు. కొన్నవాళ్ళు ఇరవై చిల్లర మంది. కూపన్లను పీడీఎఫ్ చేసి ఒక్కొక్కరికీ మెయిల్‌లో పంపారు. గ్రూపు, కూపన్ కలిపితే గ్రూపాన్.

ఆ భవనం గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. చికాగో నది ఉత్తరపు పాయ ఒడ్డున ఉన్న ఆ పొడవాటి కట్టడం ఒకప్పుడు మాంట్‌గోమరీ వార్డ్ కంపెనీ కేటలాగ్ హౌస్. 1872లో వార్డ్ అనే వ్యాపారి 163 సరుకుల పేర్లు, ధరలు ఒకే కాగితం మీద అచ్చువేసి పల్లెల్లోని రైతులకు పోస్టులో పంపాడు. సరుకు కళ్ళతో చూడకుండా, అమ్మేవాడి మొహం ఎరగకుండా కొనమంటే రైతు ఎందుకు కొంటాడు? అందుకే 1875లో నచ్చకపోతే డబ్బు వాపసు అని మాటిచ్చాడు. ఆ మాట మీద కంపెనీ నూట పాతికేళ్ళు నిలిచింది. 1985లో కేటలాగు ఆగింది. 2000 డిసెంబరులో కంపెనీ మూత ప్రకటించింది. దూరాన్నుంచి సరుకు అమ్మే విద్య అమెరికాకు నేర్పిన ఇంట్లోనే, ఎనిమిదేళ్ళు తిరక్కుండా మేసన్ తన బేరం మొదలుపెట్టాడు.

ఆ బేరం లెక్క ఏమిటో మన హోటల్ భాషలో చెబుతాను. ప్లేటు బిర్యానీ 200 అనుకోండి. ఆన్‌లైన్‌లో 100కే ఇస్తామంటారు. ఆ నూరులో సుమారు సగం కంపెనీది. హోటల్‌కు మిగిలేది 50. బియ్యం, మాంసం, నూనె, గ్యాసు, వంటమాస్టరు జీతం, అద్దె అన్నీ అందులోంచే రావాలి. పైగా కంపెనీ జనం దగ్గర డబ్బు ముందే వసూలు చేసుకునేది, అమెరికాలో దుకాణదారుకు మాత్రం రెండు నెలల్లో మూడు వాయిదాల్లో చెల్లించేది. జనం నేడు వచ్చి కూర్చుంటారు, పైకం ఎప్పటికో వస్తుంది. కోడిగుడ్లవాడు అప్పటిదాకా ఆగుతాడా?

అందరికీ నష్టమే వచ్చిందనడం అన్యాయం. 2010లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఉత్పల్ ధోలకియా ఇలాంటి ఆఫర్లు పెట్టిన 150 వ్యాపారాలను కదిపి చూశారు. 66 శాతం మందికి లాభం వచ్చింది, 32 శాతం మందికి నష్టం. మళ్ళీ పెట్టబోమన్నవాళ్ళు 40 శాతం పైనే. సెలూన్లు, స్పాలు బాగా గట్టెక్కాయి, రెస్టారెంట్లు అందరికన్నా దెబ్బతిన్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. మంగళవారం మధ్యాహ్నం ఖాళీగా ఉండే సెలూన్ కుర్చీలో ఒక మనిషి కూర్చుంటే వచ్చింది ఎంతైనా రాబడే. కేకు అలా కాదు. ప్రతి కేకుకూ మైదా కావాలి, వెన్న కావాలి, ఒక చెయ్యి కావాలి. సరుకు ఖర్చు కూడా రాని ధరకు అమ్మినప్పుడు ఎక్కువ అమ్మడమంటే ఎక్కువ పోగొట్టుకోవడమే. ఇన్ని కూపన్లకే అని హద్దు వేసుకున్నవాళ్ళు, శని ఆదివారాలు చెల్లవని ముందే రాసుకున్నవాళ్ళు, వచ్చినవాళ్ళ ఫోన్ నంబరు అడిగి పెట్టుకుని నెల తర్వాత పలకరించినవాళ్ళు తట్టుకునే వీలుంది. ఆ ప్రొఫెసర్‌కు కనిపించిన ఇంకో సంగతి నన్ను బాగా కదిలించింది. దుకాణంలో పనిచేసేవాళ్ళు సంతోషంగా ఉన్నచోటే ఆఫర్ గట్టెక్కింది. యజమాని నిర్ణయం బరువు కౌంటర్ వెనక నిలబడ్డ పిల్లల భుజాల మీద పడుతుంది కదా.

ఆ బరువు ఎలా ఉంటుందో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లోని ఒక కాఫీ దుకాణం యజమానురాలు 2010లో లోకానికి చెప్పింది. 13 డాలర్ల సరుకు 6 డాలర్లకు. అందులో సగం కంపెనీకి పోగా దుకాణానికి మిగిలింది 3. వెయ్యికి దగ్గరగా కూపన్లు అమ్ముడయ్యాయి. మంచివాళ్ళూ వచ్చారని ఆవిడ నిజాయితీగా ఒప్పుకుంది. కానీ ఒకేసారి రెండు మూడు కూపన్లు వాడతామని గొడవపడ్డవాళ్ళు, కట్టిన చిల్లర మీద లెక్కకట్టి టిప్పు విదిల్చినవాళ్ళు కూడా వచ్చారు. ఒక నెల జీతాలకు, అద్దెకు చేతిలో పైసా లేదు. ఇంట్లో దాచుకున్న సొమ్ములోంచి 8,000 డాలర్లు తీసి కట్టారు.

మన అంగళ్ళలో కొసరు అని ఒకటుంది. నా చిన్నప్పుడు కందిపప్పుకు వెళ్తే, తక్కెడ ముల్లు నిలబడ్డాక శెట్టిగారు ఇంకో గుప్పెడు తీసి పైన వేసేవాడు. అమ్మ బాగుందా అని అడిగి, నా అరచేతిలో ఓ బెల్లంముక్క పెట్టేవాడు. దాని ఖరీదు ఎంతని? ఒక్క పైసా కూడా ఉండదేమో. కానీ ఆ బెల్లంముక్క కోసం రెండు వీధులు దాటి ఆ కొట్టుకే పరిగెత్తేవాణ్ణి. కొసరు మొహం చూసి వేసేది, రేపూ రమ్మని పిలిచేది. బేరం పూర్తయ్యాక వేసేది. ఆన్‌లైన్ తగ్గింపు బేరానికి ముందే, ఎవరో తెలియనివాడికి, మళ్ళీ వస్తాడో రాడో తెలియకుండా ఇచ్చేది. ధర కోసం వచ్చినవాడు ధరతోపాటే వెళ్ళిపోతాడు. రేపు పక్క వీధిలో ఇంకో సగం ధర ఉంటుంది. పాత ఖాతాదారు మాత్రం వరసలో నిలబడి, నిన్న తాను నిండు ధర పెట్టి కొన్నది ఇవాళ కొత్తవాడు పావు ధరకు పట్టుకెళ్తుంటే చూస్తాడు. అతని మనసులో ఏమనుకున్నాడో ఏ సర్వేలోనూ తేలదు.

ఇదంతా జరుగుతుండగానే చికాగోలో కంపెనీ ఆకాశానికెగిసింది. 2010లో ఫోర్బ్స్ పత్రిక మేసన్‌ను ముఖచిత్రంగా వేసి, ఇంత వేగంగా పెరిగిన కంపెనీ లేదంది. ఆ డిసెంబరులో గూగుల్ సుమారు 600 కోట్ల డాలర్లు ఇస్తానంటే వద్దన్నారు. 2011 నవంబరు 4న షేర్ మార్కెట్‌లోకి వచ్చారు. షేరు 20 డాలర్లు, సేకరించింది 70 కోట్ల డాలర్లు. ఉడ్లీ కేకుల సంగతి పేపర్లకెక్కింది కూడా అదే నెలలో. ఒకే నెలలో ఒకచోట గంటలు మోగాయి, ఇంకోచోట 3 గంటల దీపాలు వెలిగాయి.

ఆ వెలుగు కింద నీడ అప్పటికే పరుచుకుంది. మార్కెట్ అధికారులకు ఇచ్చిన కాగితాల్లో కంపెనీ తన లాభాన్ని ఒక సొంత కొలతతో చూపింది. కొత్త చందాదారులను తేవడానికి ఆన్‌లైన్ ప్రకటనలకు పోసిన డబ్బును అందులో ఖర్చుగా లెక్కించలేదు. ఆ కొలత ప్రకారం 2010లో 6 కోట్ల డాలర్ల మిగులు. అందరూ వేసే లెక్క ప్రకారం 41 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అధికారులు అభ్యంతరం చెబితే ఆ కొలత మానుకున్నారు. దుకాణాలకు చెందాల్సిన వాటాను కూడా తమ రాబడిలో చూపారని తేలి, 2010 రాబడిని 71 కోట్ల 30 లక్షల నుంచి 31 కోట్ల 30 లక్షలకు దించి రాశారు. అంటే ఏమిటి? పోర్ట్‌లాండ్ కాఫీ దుకాణం చేత ఏం చేయించిందో, కంపెనీ తానూ అదే చేసింది. పరాయివాణ్ణి డబ్బుపోసి గుమ్మంలోకి తెచ్చుకుంది, వాడు ఉంటాడనుకుంది. రోజూ పొద్దున్నే వచ్చే ఆ మెయిల్‌ను జనం మొదట ఆత్రంగా తెరిచారు, తర్వాత తెరవకుండా వదిలేశారు, ఆపైన ఆపేశారు. వాళ్ళను నిలుపుకోవడానికి ఇంకో ఆఫర్, దానికి ఇంకో దుకాణం కావాలి. వేలమంది సేల్స్ ఉద్యోగులు ఫోన్లు పట్టుకుని ఊరూరా దుకాణాలను పట్టేవాళ్ళు. దెబ్బతిన్న దుకాణం రెండోసారి ఫోనెత్తదు.

2012 మార్చిలో మళ్ళీ లెక్కలు సవరించాల్సి వచ్చింది. ఆ నవంబరుకు షేరు 3 డాలర్ల కిందికి దిగింది. 2013 ఫిబ్రవరి 28న మేసన్‌ను తీసేశారు. ఆ రోజు అతను ఉద్యోగులకు రాసిన ఉత్తరం దాచుకోదగ్గది. కుటుంబంతో గడపాలని వెళ్తున్నానని మొదలుపెట్టి, అది తమాషా మాటని, తనను తీసేశారని సూటిగా చెప్పాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. కొనేవాళ్ళకు ఏది మంచిదో మనసుకు తెలిసీ, లెక్కల ఆధారం లేదని ఆ మాట పక్కన పెట్టిన సందర్భాలే తనకు మిగిలిన పెద్ద బాధని రాశాడు. ఒంటరి మనిషి మాట వినిపించాలని ఆరేళ్ళ కిందట బయల్దేరినవాడు, ఇప్పుడు తానే ఒంటరిగా తలుపు దాటాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం రాదు. దొంగ ఉద్దేశంతో మొదలుపెట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

అతను వెళ్ళిన ఏడాదే మన దేశంలో గ్రూపాన్ శాఖ ఉల్లిపాయలు అమ్మింది. బజారు ధర మండిపోతున్న 2013 సెప్టెంబరులో కిలో 9 రూపాయలు. 3,000 కిలోలు 44 నిమిషాల్లో అయిపోయాయి, తాకిడికి సైట్ ఆగిపోయింది. పేరు మారుమోగింది. చవక ఉల్లి కోసం వచ్చినవాడు ఉల్లి ధర దిగాక ఎందుకు వస్తాడు? 2015లో ఆ శాఖ మాతృసంస్థ నుంచి విడిపోయి నియర్‌బై అని పేరు మార్చుకుంది. అదే ఏడు కంపెనీ ఏడు దేశాల నుంచి తప్పుకుంటున్నామని, 1,100 ఉద్యోగాలు తీసేస్తున్నామని ప్రకటించింది. 2020లో ఇరవై షేర్లను కలిపి ఒకటిగా చేసి ధర నిలబెట్టుకోవాల్సి వచ్చింది.

నది ఒడ్డున ఆ పాత కేటలాగ్ హౌస్‌లో అంతస్తులు ఒక్కొక్కటీ అక్కర్లేనివయ్యాయి. లీజు గడువుకు ముందే వదిలించుకోవడానికి ఎదురు డబ్బిచ్చి, 2024 మొదట్లో గ్రూపాన్ అక్కణ్ణుంచి చిన్న చోటుకు సామాను సర్దుకుంది. మాంట్‌గోమరీ వార్డ్ వాళ్ళ ఇంకో భవనం ఎదురుగానే ఉంది. దాని శిఖరం మీద ఒక కంచు స్త్రీ విగ్రహం, చేతిలో కాగడా. ఆ పేటలో వార్డ్ కొట్టు కట్టేసిన రోజునా, పిజ్జా కూపన్లు పంపిన రోజునా, డబ్బాలు మోసుకెళ్ళిన రోజునా ఆమె చెయ్యి అలాగే ఎత్తి ఉంది.