విశాఖపట్టణపు ఉష్ణోగ్రతల చిట్టా

భారత వాతావరణ శాఖ 1875లో స్థాపితమై నూటయేబది సంవత్సరములు నిండిన సందర్భమున వెలువడుచున్న ఈ ప్రత్యేక సంచికకు, మన పట్టణమున నెండవానలను లెక్కవ్రాసిన మహనీయుల చరిత్రమును గూర్చి వ్యాసమొకటి కావలెనని సంపాదకవర్గమువారు కోరిరి. తుపానులను గూర్చి వ్రాయువారు చాలమంది కలరు. కార్తీక మార్గశిర మాసములలో ఏ విశేషమును లేక గడచిపోవు దినముల వేడిమిని, చలిని అంకెలలో నిలిపినవారిని తలచుకొనువారు అరుదు. ఆ లోపము కొంత తీరునను నాశతో నీ పనికి పూనుకొంటిని.

శాఖ పుట్టుటకు ముప్పదియైదేండ్లు ముందుగనే విశాఖపట్టణమున వేధశాల యుండెనన్న సంగతి నేటి యువకులలో నెందరికి తెలియును? 1817లో జన్మించిన గోడే వెంకట జగ్గారావుగారు జమీందారీ కుటుంబమునకు చెందినవారయ్యు, ఆ కాలపు జమీందారులకు సహజములైన వేట వినోదములను విడిచి, యౌవనమున మద్రాసునకు పోయి అచ్చటి ప్రభుత్వ ఖగోళశాస్త్రజ్ఞుడు టేలరుదొరవద్ద గణిత జ్యోతిషములను, పరికరములు వాడు విధానమును నేర్చిరి. స్వస్థలమునకు మరలివచ్చి, 1840 ప్రాంతమున, నేడు డాబాగార్డెన్సు అని మనము పిలుచు తోటలో, స్వంత ధనముతో, ప్రభుత్వపు దమ్మిడీ నాశింపక, దూరదర్శినిని, గడియారములను, కొలత పరికరములను సమకూర్చి వేధశాలను నెలకొల్పిరి. ఒక భారతీయుడు పాశ్చాత్య పద్ధతిని అభ్యసించి తన యింట వేధశాల కట్టుకొనుట దేశమునందే మిక్కిలి అపూర్వమైన విషయము.

ఆయన పట్టణమునకు చేసిన ఉపకారములలో డాల్ఫిన్ నోసు కొండమీది ధ్వజమొకటి. ప్రతిదినము ఉదయము తొమ్మిది గంటలకు ఆ జెండాను దింపుచుండగా, రేవులోని నావికులును, కోటలోని ఉద్యోగులును తమ గడియారములను సరిచేసికొనుచుండిరట. ఆ తొమ్మిది గంటలు స్థానిక సూర్యమానము ననుసరించినవి. అనగా మద్రాసు కాలమునకు మన పట్టణము సుమారు పండ్రెండు నిమిషములు ముందు, 1906లో ఏర్పడిన భారత ప్రామాణిక కాలమునకు మూడు నిమిషములు మాత్రమే ముందు. పాత చిట్టాలలో 'తొమ్మిది గంటల రీడింగు' అని యున్నచో అది నేటి యే గంటయగునో లెక్కవేసికొననివాడు అందలి యంకెలను వాడుటకు తగడు.

1856లో జగ్గారావుగారు ముప్పదితొమ్మిదేండ్ల వయసుననే కాలధర్మము నొందిరి. ఆయన జామాత అంకితం వెంకట నరసింగరావుగారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమును వదలుకొని, ఎస్టేటు వ్యవహారములతోపాటు వేధశాలను గూడ చేపట్టి, 1892లో స్వర్గస్థులగువరకు నడిపిరి. 1868 నవంబరు 5వ తేదీన బుధుడు సూర్యబింబము నతిక్రమించినప్పుడును, 1874 డిసెంబరు 9వ తేదీ ఉదయమున శుక్రుడు అతిక్రమించినప్పుడును ఆయన చేసిన పరిశీలనలు లండను రాయల్ ఖగోళ సంఘమువారి దృష్టికి పోయినవి. 1871లోనే ఆ సంఘమువారు ఆయనను తమ సభ్యునిగా స్వీకరించిరి. ఈ రెండు వేధలును శరత్తు చివరను, హేమంతమున సంభవించుట యాదృచ్ఛికమే కాని, ఆ ఋతువున మన యాకాశము నిర్మలముగా నుండుటయే వానికి తోడ్పడినదని నా నమ్మకము. తుపాను లేని కార్తీకమున విశాఖ యాకాశము మిక్కిలి స్వచ్ఛముగా నుండును.

ఆయన ధర్మపత్ని అచ్చయ్యమ్మగారి దానమువలననే, 1860లో పాఠశాలగా మొదలైన విద్యాలయమునకు నరసింగరావుగారి పేరు వచ్చి, మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలగా ప్రసిద్ధమైనది. చంద్రశేఖర వెంకటరామన్ బాల్యమున చదివినది ఆ కళాశాలయందే, ఆయన తండ్రి బోధించినదియు అచ్చటనే. భర్త గతించిన పిదప అచ్చయ్యమ్మగారు వేధశాలను గూడ మూతపడనీయక కొంతకాలము కాపాడిరి. వారి కుమారులు రాజా ఏ.వి. జగ్గారావు బహదూరుగారును ఆ సంప్రదాయము నాదరించిరి. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఈ వేధశాల పేర ముద్రితములైన వార్షిక నివేదికలలో నక్షత్రములకంటె ఎండ, వాన, గాలి, వాయుభారముల పట్టికలే యెక్కువ. ఈ సంచికకు మూలమైన విషయము ఆ పట్టికలే.

ఇక శాఖ పుట్టుక. 1864 అక్టోబరు కలకత్తా తుపాను, 1866, 1871 సంవత్సరములలో వానలు తప్పుట ప్రభుత్వమును మేల్కొలుపగా, 1875లో బ్లాన్‌ఫర్డు దొర ప్రథమాధికారిగా దేశమంతటికి నొక శాఖ యేర్పడినది. మరుసటి యేడే మన తీరమునకు పరీక్ష వచ్చినది. 1876 — తెలుగువారు నేటికిని మరువని ధాత సంవత్సరము. దక్షిణమున వానలు లేక క్షామము తలయెత్తగా, ఇచ్చట అక్టోబరులో తుపాను పట్టణమునే తాకినది. ఆ తుపానును, ఆ మాసాంతముననే వంగదేశపు బాకర్‌గంజిని ముంచిన తుపానును కలిపి, తరువాత శాఖాధిపతియైన ఎలియటు దొర విపులమైన నివేదికను వ్రాసిరి. ఏ తీరమున నే గంటకు వాయుభార మెంత పడినది, గాలి యెటు తిరిగినది అని గుణించుటకు స్థానికముగా చిట్టా వ్రాసినవారి యంకెలే ఆధారము. కరవు, ముంపు ఒక్క యేటనే దేశమునకు గలిగినపుడు దినదినము లెక్కవ్రాయుటలోని ప్రయోజన మెట్టిదో పాలకులకు తెలియవచ్చినది.

తరువాతి అర్ధశతాబ్దిని గూర్చి వ్రాయదగినది తక్కువ. పరికరములు మారినవి, స్థలములు మారినవి, ఉద్యోగులు బదిలీయైరి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసి, స్వాతంత్ర్యానంతరము అందు వాతావరణ సముద్రశాస్త్రముల బోధన మొదలై, 1952లో అమెరికానుండి లాఫాండు ఆచార్యులు వచ్చి బంగాళాఖాతపు జలముల యుష్ణోగ్రతలను కొలిపించుటతో, ఆ పరిషత్తున్న వాల్తేరుకు దేశాంతర ఖ్యాతి వచ్చినది. తెలుగువారైన పంచేటి కోటేశ్వరంగారు వర్షాకాలమున మీదియంతరిక్షమున తూర్పునుండి వీచు జెట్ ప్రవాహమును గుర్తించి, శాఖకు డైరెక్టరు జనరలు పదవి నలంకరించిరి.

ఆచార్యులను, అధికారులను మనము పొగడుచునే యున్నాము. నాకు గురుతుల్యులైన యొక వృద్ధ పరిశీలకులను గూర్చి రెండు మాటలు వ్రాయక ముందుకు పోలేను. పేరు వ్రాయుటకు ఆయన యొప్పుకొనువారు కారు. తెల్లని రంగువేసి, గాలియాడునట్లు ప్రక్కలకు వాలుచెక్కలు పెట్టి, తలుపు ఉత్తరముగా నుంచి, నేలకు నాలుగడుగుల యెత్తున నిలిపిన స్టీవెన్సన్ పెట్టె ముందు నన్ను నిలువబెట్టి, "ముందు దశాంశము చూడవోయ్, పూర్ణాంకము తరువాత చూడవచ్చును, నీ యూపిరి వేడికి పాదరసము కదలకముందే చిన్న యంకె పట్టుకోవలెను" అని చెప్పెడివారు. కనిష్ఠ మాపకమున సారాయిద్రవములోని చిన్న పుల్ల, చలి పెరిగినకొలది గుండువైపునకు జరిగి, తెల్లవారినపిదప ద్రవము వ్యాకోచించినను అచ్చటనే నిలిచిపోవును. గుండునకు దూరపు కొనను చదివి, మాపకమును కొంచెము వంచి పుల్లను మరల ద్రవాంతమునకు చేర్చవలెను. ఆ వంచుట మరచినవాని మరునాటి రీడింగు అబద్ధము. "మరచితినని వ్రాయుము, ఊహించి యంకె వేయకుము" అని ఆయన శాసనము. చిట్టాలో ఖాళీగడి యున్న దినమునకే ఆయన యెక్కువ గౌరవమిచ్చెడివారు.

కార్తీకమున విశాఖ చిట్టాను తిరుగవేసినచో అందొక సరళమైన క్రమము కనబడును. అశ్వయుజపు వానలు తగ్గి, ఉత్తరపుగాలి మొదలు కాగానే పగటి గరిష్ఠము ముప్పది డిగ్రీల చుట్టుప్రక్కల నిలువబడి, రాత్రి కనిష్ఠము వారమువారమునకు దిగుచుండును. ఆకాశము నిర్మలమైన దినమున పగటికి రాత్రికి ఏడెనిమిది డిగ్రీల యంతరముండగా, వాయుగుండము పట్టి మబ్బు కప్పిన దినమున ఆ యంతరము మూడు నాలుగు డిగ్రీలకు కుదించుకొనిపోవును: మేఘము పగలు సూర్యుని నడ్డగించును, రాత్రి నేలవేడిమిని మీదికి పోనీయదు. కావున తుపాను వచ్చినదని యెచ్చటను వ్రాయకున్నను, గరిష్ఠ కనిష్ఠములను రెంటిని చూచినవాడు ఆ దినమును పట్టుకొనగలడు.

అయితే ఈ క్రమమును నూటయెనుబదేండ్లకు వెనుకకు సాగదీయుట కుదరదు. పూర్వకాలమున ఈ దేశమున మాపకములను గడ్డికప్పు పందిరులలో నుంచెడివారు; తరువాత స్టీవెన్సన్ పెట్టెలు వచ్చినవి. ఫారన్‌హీటు పోయి సెల్సియసు వచ్చినది. 80 అను నంకె 26.7 అయినది. అంతకంటె ముఖ్యముగా, వేధశాలయున్న డాబాగార్డెన్సు, సముద్రపు టొడ్డుననున్న వాల్తేరు, కొండలనడుమ పల్లమున నున్న విమానాశ్రయము — ఈ మూడు తావులును ఒకే ఊరు కావచ్చును గాని ఒకే చలి కాదు. వాల్తేరున సముద్రము రాత్రి చలిని తగ్గించును. విమానాశ్రయమున చల్లనిగాలి లోయలోనికి దిగి నిలిచి కనిష్ఠమును క్రిందికి లాగును. రెండు కేంద్రముల యంకెలను ఒకే వరుసలో కూర్చి "విశాఖలో చలి పెరిగినది", "తగ్గినది" అని పత్రికలలో వ్రాయువారిని చూచినపుడు, ఆ వృద్ధులుండిన నేమందురో యని నాకు నవ్వు వచ్చును.

2014 అక్టోబరు 12వ తేదీ, దీపావళికి పదునొకండు దినములు ముందు, హుద్‌హుద్ తుపాను పట్టణముమీదికే వచ్చినది. మధ్యాహ్నమున గాలి యొకమారు ఆగి, బయటికి వచ్చినవారిని మోసగించి, మరల ఎదురుదిక్కునుండి విజృంభించినది. దినముల తరబడి విద్యుత్తు లేదు, ఫోనులు లేవు, నీరు లేదు. పాలపొట్లముకొరకు బారులు తీరితిమి. మా వీధిలో మిగిలిన చెట్లను చేతివ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆ వృద్ధులు అప్పటికి మంచమున నుండిరి. తమ పెరటిలో స్వంతముగా నిలుపుకొన్న పెట్టె విరిగి పోయినదని చెప్పగా, "ఆ దినపు గడి ఖాళీగా నుంచితివా?" అని యొక్కటే యడిగిరి. నుంచితిననగా తృప్తిపడిరి. ఆ చెట్లు పోయిన తరువాత పెరటి రీడింగులు పూర్వపు రీడింగులతో పోల్చుటకు పనికిరావని వారే నిర్ణయించి, అంతటితో చిట్టాను ముగించుమనిరి. ముప్పదేండ్ల శ్రమను ఒక్క మాటతో ముగించిన ఆ నిర్మమత్వము నాకెన్నటికిని అలవడలేదు.

ఈ ఉత్సవమున స్మరింపదగినవారి పట్టిక పెద్దది. ఉపకారులలో గోడే, అంకితం వంశములవారు, గురుస్థానమున టేలరుదొర, శాఖాధిపతులలో బ్లాన్‌ఫర్డు, ఎలియటు దొరలు, కోటేశ్వరంగారు, విశ్వవిద్యాలయమున లాఫాండు ఆచార్యులును వారి తెలుగు శిష్యులును, ఉదయము ఎనిమిదిన్నరకును సాయంకాలము ఐదున్నరకును పండుగయనక, ముసురనక పెట్టె తలుపు తెరచిన పరిశీలకులు, బెలూనులకు వాయువు నింపినవారు, తంతిమీద సంకేతాంకములు పంపినవారు, వర్షమాపకపు గిన్నెను కడిగిన అటెండర్లు. కడపటివారి పేర్లు వ్రాయుటకు నాకు హాజరుపట్టీలు దొరకలేదు. వారి వంశస్థులు క్షమింతురుగాక.

చెప్పరాదనుకొన్న మాట యొకటి చెప్పక తప్పుట లేదు. కొన్నేండ్ల క్రిందట పాత చిట్టాలకొరకు ఒక కార్యాలయమునకు పోయి, అర్జీ వ్రాసి, మరల మరల తిరిగితిని. కడకు ఒక గుమాస్తా దయతలచి, "అవి చెదపట్టి పోయినవండి, మిగిలినవి పాతకాగితములలో కలిసిపోయినవి" అని చెప్పెను. ఆయన దోషము కాదు. ఆ కాగితములకు విలువయున్నదని ఆయనతో నెవ్వరును చెప్పియుండలేదు. ఈ ఉత్సవములకు పందిళ్లు వేసినారు, శాలువలు కప్పినారు, ఉపన్యాసములు జరిగినవి. డాబాగార్డెన్సులో మాత్రము "ఇచ్చట 1840లో గోడే వెంకట జగ్గారావుగారు వేధశాల నెలకొల్పిరి" అని చెప్పు శిలాఫలకమొకటి నా కంటబడలేదు. రెండు మూడు మారులు సభలలో ప్రస్తావించితిని. చప్పట్లు కొట్టిరి.

కావున పాఠకులకు నా మనవి యిది. మీ యిండ్లలో, మీ తాతలు తండ్రులు ఉద్యోగులుగనో, ఉపాధ్యాయులుగనో, తోటలు సాగుచేసినవారుగనో వ్రాసిన వాన లెక్కలు, ఎండ లెక్కలు, పంచాంగముల యంచులలో గుర్తించిన చలి వివరములు ఏవైన నున్నయెడల పాతకాగితములవానికి వేయకుడు. తేదీ, స్థలము, మాపకము ఎచ్చట వ్రేలాడెనో తెలిసినంతవరకు ఒక కాగితముపై వ్రాసి జతచేసి, విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకో, జిల్లా గ్రంథాలయమునకో అప్పగింపుడు. అంతకుముందు ప్రతిపుటకు ఛాయాచిత్రము తీసి యుంచుకొనుడు. ఖాళీగడులున్న చిట్టాలైనను సరే, తప్పక ఇండు.